ఆసుపత్రి గుమ్మమున అడిగెడి సంతకము

వంటయు, కుట్టుపనియు, శిశుపోషణమును గృహిణి నేర్వవలసిన విద్యలని మనమందరము ఎరుగుదుము. వానిని గూర్చి పత్రికలలో వ్యాసములకు కొదువ లేదు. కాని ప్రాణము మీదికి వచ్చిన మగనినో బిడ్డనో ఆసుపత్రికి చేర్చి, అత్యవసర విభాగపు గుమ్మమున నిలిచియుండగా, డాక్టరుగారు చేతికిచ్చిన కాగితమును చదివి దానికి తగిన సమాధానము చెప్పుట యను విద్య యొకటి కలదు. ఆ విద్యను మనకెవరును నేర్పరు. అవసరము మాత్రము ఏ యింటికైనను ఏ రాత్రియైనను రావచ్చును.

ఆ కాగితము సాధారణముగ చికిత్సకు సమ్మతి పత్రము. కొన్ని పెద్ద ఆసుపత్రులలో దానితోపాటు మరియొక కాగితము నుండవచ్చును. అది పరిశోధనకు సమ్మతి పత్రము. ఈ యాపదకు రెండు విధముల చికిత్స కలదనియు, వానిలో ఏది మేలైనదో తేల్చుటకు పరీక్ష జరుగుచున్నదనియు, అందు రోగిని చేర్చుకొనుటకు అనుమతి కావలెననియు దాని సారాంశము. ఈ మాట వినగానే మన స్త్రీలలో కొందరు, “అయ్యో, మావారిమీద ప్రయోగములు చేయుదురా?” యని బెదరిపోవుదురు. మరికొందరు, “మీ చిత్తము బాబూ, ఎక్కడ పెట్టుమన్న నక్కడ పెట్టెదము” అని చదువకయే వ్రేలిముద్ర వేయుదురు. ఈ రెండును సరియైన మార్గములు కావని మా యభిప్రాయము. ఆ పరిశోధన యననేమి, అది లేకున్న వచ్చెడి నష్టమేమి, అందు మనకు గల హక్కులేవి యను మూడు సంగతులను, మన ప్రాంతమునకు మిక్కిలి దగ్గరనున్న యొక యుదాహరణముతో చెప్పబూనుచున్నాము. ఆ యుదాహరణము పురుగులమందు.

మన నేల, మన మందు

మా చీరాల నేతవారి యూరు. మగ్గమునకు నూలు, నూలునకు దూది కావలెను గదా! ఆ దూది పండెడి నల్లరేగడి నేలలు మా యూరికి పడమరగ పర్చూరు, మార్టూరు ప్రాంతములనుండి గుంటూరు వరకు పరచుకొనియున్నవి. 1970 వరకు గుంటూరు జిల్లాలోను, తరువాత ప్రకాశము జిల్లాలోను ఉండిన మా యూరు 2022 నుండి బాపట్ల జిల్లాలో చేరినది. జిల్లా పేరు మారినను పైరులు మారలేదు. ప్రత్తియు మిరపయు ఈ మైదానమునకు సిరిని తెచ్చిన పైరులు. అప్పును తెచ్చిన పైరులును అవియే. రెండింటికిని పురుగు బాధ మెండు. పురుగు బాధ మెండైనచోట పురుగులమందు వాడుకయు మెండు.

1987-88లో తెల్లదోమ ప్రత్తిచేలమీద పడినప్పుడు రైతులు మందుపై మందు చల్లిరి. దోమ చావలేదు, అప్పు పెరిగెను. గుంటూరు, ప్రకాశము జిల్లాల ప్రత్తిరైతులు పలువురు ఆ దుఃఖములో ప్రాణములు కోలుపోయిరి. పది సంవత్సరముల తరువాత, 1997-98లో, వరంగల్లు ప్రాంతమున మరల నదియే కథ నడచెను.

పొలమునకని తెచ్చిన డబ్బా అటకమీదనో మంచము క్రిందనో ఇంటిలోనే యుండును. ఒక గడియసేపు మనస్సు చెదరినవారికి అది చేతికందెడి దూరమున నుండుటయే పెద్ద యపాయము. ఇట్టి యాపదలో చిక్కిన వారిలో పెక్కుమంది దీర్ఘముగ నాలోచించి చేసినవారు కారు. కోపమో, అవమానమో, నిరాశయో కమ్మిన ఆ గడియ దాటినచో బ్రదుకవలెననియే కోరువారు. పిచికారి చేయుచు, గాలి వాలును గమనింపక, మందు ఒంటినంటి పడిపోయినవారును, తెలియక సీసా నోటబెట్టుకొన్న పసివారును వేరుగ కలరు. వీరందరును చేరెడి చోటు అత్యవసర విభాగము. అక్కడి వైద్యుడు గడియలతో గాక నిమిషములతో లెక్క పెట్టవలెను.

విషము, విరుగుడు

వీనిలో పెక్కు మందులు ఆర్గానోఫాస్ఫేటులను జాతికి చెందినవి. ఇవి శరీరమున జేయు చెరుపు తెలిసికొనుట కష్టము గాదు. మన నరములు కండరములకును గ్రంథులకును ఆజ్ఞలు పంపునప్పుడు అసిటైల్ కోలీన్ అను పదార్థము దూతవలె పనిచేయును. ఆజ్ఞ యందిన వెంటనే ఆ దూతను తొలగించుటకు కోలినెస్టరేసు అను మరియొక పదార్థము కలదు. పురుగులమందు ఈ రెండవదానిని కట్టివేయును. అప్పుడు దూతలు పోగుపడి, ఆజ్ఞమీద నాజ్ఞ యిచ్చుచునే యుందురు. నోట చొంగ, కంట నీరు, ఒంట చెమట ధారలు గట్టును. కంటిపాప సూదిమొనవలె సన్నగిల్లును. ఊపిరితిత్తులలో నీరు నిండును. కండరములు అదరి, పిమ్మట చచ్చుబడును. రోగి తుదకు ఊపిరి యాడక మరణించును.

దీనికి ముఖ్యమైన విరుగుడు అట్రోపిను. ఇది బెల్లడోనా యను మొక్కనుండి మొదట తీయబడినది. మన యుమ్మెత్తలోను ఇట్టి పదార్థములే గలవు. అట్లని యుమ్మెత్తను ఇంటివైద్యమునకు వాడుట మరియొక విషమును చేర్చుటయే యగును. అట్రోపిను దూతల గోలను అణచి, ఊపిరితిత్తులలోని నీటిని ఆర్పును. రెండవ విరుగుడు ప్రాలిడాక్సిము. ఇది కట్టుబడిన కోలినెస్టరేసును విడిపించునని రసాయనశాస్త్రము చెప్పును.

విరుగుడు తెలిసినది గదా, ఇంక పరిశోధన యెందులకని యడుగవచ్చును. విరుగుడు పేరు తెలియుట వేరు. దానిని ఎంత, ఎంతసేపటి కొకమారు, ఏ గురుతు కనబడువరకు ఈయవలెనో తెలియుట వేరు. లక్ష్మణుడు మూర్ఛిల్లినప్పుడు హనుమంతునకు ఓషధి యున్న కొండ తెలిసెను గాని, ఏ యోషధియో గురుతు తెలియక కొండనే యెత్తుకొని వచ్చెను. మన ఆసుపత్రులలో కొండలు పట్టవు. గురుతులు తెలియవలసినదే.

వరంగల్లు లెక్కలు చెప్పినది

ఈ గురుతుల కొరకు మొదట చేయవలసిన పని పాత లెక్కలు చూచుట. వరంగల్లులోని ఔషధశాస్త్ర పరిశోధకులు, విదేశీయులగు విషవైద్యులతో కలసి, అచ్చటి పెద్ద ప్రభుత్వాసుపత్రి లెక్కలను పరిశీలించి 2005లో ప్రకటించిరి. 1997 మొదలు 2002 వరకు ఆరు సంవత్సరములలో పురుగులమందు విషముతో ఆ యొక్క యాసుపత్రిలో చేరినవారు 8,040 మంది. వారిలో నూటికి 22.6 మంది మరణించిరి. 2002వ సంవత్సరపు కాగితములను విడివిడిగ చూడగా, మూడింట రెండువంతుల మంది ముప్పది సంవత్సరములు నిండనివారని తేలెను. అనగా పెండ్లియై ఒకరిద్దరు పిల్లలుగల వయస్సువారును, పెండ్లి కావలసినవారును.

ఆ లెక్కలు మరి రెండు సంగతులను బయటపెట్టెను. రోగులలో పెక్కుమందికి అట్రోపినును ప్రాలిడాక్సిమును రోగి స్థితిని బట్టి గాక, ఒకే తక్కువ మోతాదున ఇచ్చుచుండిరి. కొందరికి ఆ విషమునకు సంబంధింపని విరుగుడులును ఈయబడినవి. ఏ మందో తెలిసిన మరణములలో ఎక్కువ పాలు రెండే రెండు రకముల పురుగులమందులవలన కలిగెను. కావున ఎక్కువ ధనము వ్యయము చేయకున్నను, చికిత్సను సరిదిద్దియు, మిక్కిలి క్రూరమైన మందులను కట్టడి చేసియు ఎన్నియో ప్రాణములను నిలుపవచ్చునని ఆ పరిశోధకులు వ్రాసిరి.

గమనింపుడు: ఇది డాక్టర్లను నిందించుట గాదు. రాత్రియనక పగలనక రోగులు వచ్చిపడుచుండగా, పూర్వులు చేసినట్లు తామును చేయుచుండిరి. తప్పు జరుగుచున్నదని లెక్క చూచినగాని ఎవరికిని తెలియదు. ఇంటి పద్దు వ్రాయని యిల్లాలికి నెలాఖరున ధనమెక్కడ పోయెనో తెలియదు గదా!

చీటి వేసి తేల్చిన నిజములు

లెక్క చూచుట మొదటి మెట్టు. రెండు చికిత్సలను ప్రక్కప్రక్కను పెట్టి సరిపోల్చుట రెండవ మెట్టు. దీనికి రోగులను రెండు జట్టులుగ విభజింతురు. ఎవరు ఏ జట్టులో చేరవలెనో డాక్టరు నిర్ణయింపడు. చీటి వేసినట్లుగ నిర్ణయమగును. ఇది కొందరికి క్రూరముగ తోచును. కాని డాక్టరే యెంచినచో, తెలియకుండగనే క్రొత్త మందును బ్రదుకునట్లున్న వారికిచ్చి, పాత మందును ఆశ లేనివారికి ఈయవచ్చును. అప్పుడు క్రొత్త మందు గెలిచినట్లు కనబడును గాని, నిజముగ గెలిచినది రోగి బలము. చీటి పక్షపాత మెరుగదు.

ఇట్టి పరీక్ష యొకటి బంగ్లాదేశమున చిట్టగాంగు వైద్యకళాశాలాసుపత్రిలో 156 మంది రోగులతో జరిగి, 2012లో ప్రకటింపబడినది. ఒక జట్టునకు వాడుకలోనున్న పద్ధతిని, ఒకే కొలతలో విడతలు విడతలుగ అట్రోపిను నిచ్చిరి. రెండవ జట్టునకు కొన్ని నిమిషముల కొకమారు మోతాదును రెట్టింపు చేయుచు, ఊపిరితిత్తులు ఆరువరకు ఇచ్చి, పిమ్మట సన్నని ధారగ ఎక్కించిరి. మొదటి జట్టువారికి మందు సరిగ పట్టుటకు సుమారు 152 నిమిషములు పట్టగా, రెండవ జట్టువారికి సుమారు 24 నిమిషములు పట్టెను. మరణములు మొదటి జట్టున నూటికి 22.5, రెండవ జట్టున నూటికి 8. మందు అదియే, సూది అదియే. ఇచ్చెడి తీరు మారినంతనే ఇన్ని పసుపుకుంకుమలు నిలిచినవి.

అన్ని పరీక్షలును ఇట్లు శుభముగ ముగియవు. ప్రాలిడాక్సిము సంగతి చూడుడు. మహారాష్ట్రమున బారామతిలో 200 మందితో జరిగి 2006లో వెలువడిన పరీక్షలో, దానిని ఎక్కువ మోతాదున ఎడతెగక ఎక్కించిన జట్టున నూటికి ఒక్కరును, విడతలుగ ఇచ్చిన జట్టున నూటికి ఎనమండుగురును మరణించిరి. అందరును సంతోషించిరి. 2009లో సింహళమునుండి మరియొక పరీక్ష వెలువడెను. 235 మందిలో ఒక జట్టునకు ప్రాలిడాక్సిమును, మరియొక జట్టునకు వట్టి ఉప్పునీటి సూదిని ఇచ్చిరి. అట్రోపిను మాత్రము ఇరువురికిని సమానము. మందు పొందిన జట్టున నూటికి 24.8 మందియు, ఉప్పునీరు పొందిన జట్టున నూటికి 15.8 మందియు మరణించిరి. ఆ భేదము యాదృచ్ఛికము కావచ్చునను సందేహము మిగిలినను, మేలు జరిగినదనుటకు సాక్ష్యము దొరకలేదు. శాస్త్రము పుస్తకములో చెప్పినది రోగి శరీరమున జరుగునను నమ్మకము లేదని దీనివలన తేలెను. ఉప్పునీటి జట్టులో చేరినవారిని చూచి, “పాపము, మందు దొరకనివారు” అని మొదట జాలిపడినవారు తుదకు ఏమనవలెను?

బొగ్గుపొడి కథయు ఇట్టిదే. పొట్టలోని విషమును బొగ్గు పీల్చుననుట నిజమే. సింహళమున 4,632 మంది విషరోగులను మూడు జట్టులు చేసి, ఒక జట్టునకు పలుమారులు, ఒక జట్టునకు ఒకేమారు బొగ్గుపొడి నిచ్చి, మూడవ జట్టునకు అసలే ఈయక చూచిరి. 2008లో ప్రకటింపబడిన ఫలితము ఇది: మరణములు వరుసగ నూటికి 6.3, 7.1, 6.8. మూడింటికిని చెప్పదగిన భేదము లేదు.

విషము గాక రక్తస్రావమును గూర్చి జరిగిన మరియొక పరిశోధనను మన చదువరులకు చెప్పక విడువజాలము. జపానుదేశమున ఉటాకో ఒకామోటో అను వైద్యురాలు, తన భర్తతో కలసి, రక్తము గడ్డకట్టి నిలుచుటకు తోడ్పడు ట్రానెగ్జామిక్ ఆమ్లమును 1962లో కనిపెట్టిరి. ప్రసవానంతర రక్తస్రావముతో మరణించు తల్లులకు ఇది యుపకరింపవలెనని ఆమె కోరిక. నాటి వైద్యులు దానిని పరీక్షించుటకు ముందుకు రాలేదు. దాదాపు అర్ధశతాబ్దము గడచిన పిమ్మట, 40 దేశములలోని 274 ఆసుపత్రులలో, ప్రమాదములలో గాయపడిన 20,211 మందితో జరిగిన పరీక్షాఫలితము 2010లో వెలువడెను. అందు మన దేశపు ఆసుపత్రులును పాల్గొనినవి. మరణములు నూటికి 16 నుండి 14.5కు తగ్గినవి. గాయమైన మూడు గంటలలోపల ఇచ్చిననే మేలు, ఆలస్యముగ ఇచ్చిన కీడు కావచ్చునని కూడ తేలెను. తల్లుల విషయమున 20,060 మంది స్త్రీలతో జరిగిన పరీక్ష 2017లో ప్రకటింపబడి, ఆమె తలంపు సరియైనదే యని చూపెను. ఆమె 2016లోనే తన తొంబదియెనిమిదవ యేట గతించెను. పరీక్షింపని మందు పెట్టెలో పెట్టి మరచిన నగవంటిది, ఉండియు లేనట్లే.

చెట్టుమీది మనుష్యుడు

ఇంతవరకు పరిశోధనవలని మేలు చెప్పితిమి. ఇక సంతకము సంగతి.

భారతమున ఆదిపర్వములో ఒక కథ కలదు. పరీక్షిన్మహారాజును కరచుటకు తక్షకుడు పోవుచుండెను. ఆ విషమును దింపుటకు కాశ్యపుడను విప్రుడును హస్తినాపురమునకు పోవుచుండెను. దారిలో నిరువురును కలిసికొనిరి. “నీ విద్య చూపుము” అని తక్షకుడొక మఱ్ఱిచెట్టును కరచి బూడిద చేసెను. కాశ్యపుడు తన మంత్రవిద్యచే ఆ చెట్టును ఆకులు కొమ్మలతో మరల నిలిపెను. విషమునకు విరుగుడు పనిచేయునో లేదో తేల్చిన పరీక్షయే యిది. పిమ్మట తక్షకుడు ధనమిచ్చి కాశ్యపుని వెనుకకు మరలించుటయు, రాజు మరణించుటయు అందరెరిగినవే.

కాని ఆ చెట్టుమీద నొక మనుష్యుడుండెను. ఎండుపుల్లల కొరకు ఎక్కినవాడు. చెట్టుతోపాటు కాలి బూడిదయై, చెట్టుతోపాటు మరల బ్రదికెను. వాడున్నట్లు తక్షకుడును ఎరుగడు, కాశ్యపుడును ఎరుగడు. ఎవరును వానిని అడుగలేదు. బ్రదికెను గావున సరిపోయెను. బ్రదుకకున్న వాని ఆలుబిడ్డలకు సంగతి చెప్పువారెవరు?

అత్యవసర విభాగమున తెలివి తప్పి పరుండిన రోగి ఆ చెట్టుమీది మనుష్యుని వంటివాడు. వానిని అడుగుట ఎట్లు? అడుగకుండ చేర్చుకొనుట ధర్మమా? ఈ ప్రశ్న లోకమునకు కఠినమైన యనుభవముల పిదప గాని పట్టలేదు. జర్మనీలో నాజీ వైద్యులు చెరసాలలలోని వారిపై జరిపిన ఘోరములను విచారించిన న్యాయస్థానము, మనుష్యుని స్వచ్ఛందమైన సమ్మతి లేక పరీక్ష కూడదని 1947లో న్యూరెంబర్గు నగరమున నియమము చెప్పెను. 1964లో ప్రపంచ వైద్యసంఘమువారు హెల్సింకిలో వైద్యులకు ఆచరణసూత్రములు వ్రాసికొనిరి. మన దేశమున భారతీయ వైద్యపరిశోధన మండలి 1980 నుండి ఇట్టి నియమములను ప్రకటించుచు, 2017లో వానిని విస్తరించెను. 2019లో కేంద్రప్రభుత్వము క్రొత్త మందుల పరీక్షలకు చట్టబద్ధములగు నియమావళిని తెచ్చెను.

నియమములుండియు తప్పిన సందర్భములు మన తెలుగునేలమీదనే కలవు. 2009లో ఖమ్మము జిల్లాలో గర్భాశయముఖపు క్యాన్సరును నివారించు టీకాను పదినుండి పదునాలుగేండ్ల బాలికలకు, సుమారు పదునాలుగువేల మందికి, పరిశీలనార్థము వేసిరి. వారిలో వసతిగృహములలోని గిరిజన బాలికలు పలువురు కలరు. 2010లో ఆ కార్యక్రమమును ఆపివేసిరి. తల్లిదండ్రుల సంతకము లుండవలసినచోట వసతిగృహపు వార్డెనుల సంతకము లుండుటను 2013లో పార్లమెంటు సంఘము తీవ్రముగ గర్హించెను. కొందరు బాలికల మరణములకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. ఆ టీకా మేలైనదని లోకమంతట తేలినది కూడ. అయినను అడుగవలసినవారిని అడుగకపోవుట తప్పే. మేలు చేయుచున్నామను ధైర్యముతో అడుగుట మానరాదు. 2011లో మన గుంటూరు జిల్లా పిడుగురాళ్ల ప్రాంతపు పేద స్త్రీలను కొలదిపాటి ధనమున కాశపెట్టి మందుల పరీక్షలకై హైదరాబాదునకు కొనిపోయిన సంగతియు పత్రికల కెక్కి సంచలనము కలిగించెను. కాశ్యపుని వెనుకకు మరలించిన ధనము, ఈ స్త్రీలను ముందుకు నడపించెను. ధనము రెండుచోట్లను చేసిన పని ఒక్కటే.

అడుగవలసిన ప్రశ్నలు

నేటి నియమముల ప్రకారము మనకు గల హక్కులను సులభముగ చెప్పెదము.

ప్రతి పరిశోధనను ముందుగ నీతిసంఘమొకటి పరిశీలించి యనుమతింపవలెను. అందు ఏడుగురికి తక్కువ కాకుండ సభ్యులుండవలెను. వైద్యులే గాక న్యాయము తెలిసినవారును, సామాన్య గృహస్థులలో నొకరును, ఒక స్త్రీయైనను ఉండవలెను. మందుల పరీక్షలన్నియు దేశమునకంతకును ఒకటియైన బహిరంగ పట్టికలో నమోదు కావలెను. 2007లో ఏర్పడిన ఈ పట్టికలో నమోదగుట 2009 నుండి విధిగ చేయబడినది.

రోగికి తెలివి యున్నచో సమ్మతి రోగియే ఈయవలెను. ఈ మాటను మన సోదరీమణులు ముఖ్యముగ గుర్తుంచుకొనవలెను. యుక్తవయస్కురాలై, తెలివిలో నున్న స్త్రీ విషయమున భర్త సంతకముగాని, అత్తగారి మాటగాని ఆమె సమ్మతికి బదులు కానేరదు. రోగి తెలివి తప్పియున్నచో చట్టము అంగీకరించిన దగ్గరివారిని అడుగుదురు. భర్త విషయమున భార్యను అడుగవచ్చును. పిమ్మట రోగికి తెలివి వచ్చినప్పుడు సంగతి యంతయు చెప్పి మరల అడుగవలెను. చదువురానివారికి, ఆసుపత్రికిగాని పరిశోధనకుగాని సంబంధింపని సాక్షి యెదుట కాగితమును చదివి వినిపింపవలెను. తెలుగువారికి తెలుగులోనే చెప్పవలెను.

కాగితము చేతికి వచ్చినప్పుడు ఈ ప్రశ్నలు చాలును. ఇది చికిత్స కొరకా, పరిశోధన కొరకా, రెండింటి కొరకా? మేము చేరమన్నచో మావారికి జరిగెడి చికిత్స యేది? ఈ రెండు విధములలో నిదివరకు తెలిసిన మేలు కీడులేవి? నడుమ మానుకొనవచ్చునా? కీడు జరిగినచో వైద్యము, నష్టపరిహారము ఎవరు చూచెదరు? అనుమతించిన నీతిసంఘపువారి పేరు, టెలిఫోను సంఖ్య యేది? ఈ కాగితపు ప్రతి మాకిత్తురా?

వీనిలో కొన్నింటికి జవాబు నియమములలోనే కలదు. చేరకున్నను మామూలు చికిత్సకు లోపము రాకూడదు. ఎప్పుడు కావలసినను, కారణము చెప్పకయే, మానుకొనవచ్చును. పరీక్షవలన కీడు జరిగినచో జరపువారే ఉచితముగ వైద్యము చేయించి పరిహార మీయవలెను. మంచి డాక్టరు ఈ ప్రశ్నలకు కోపగింపడు. ప్రశ్నలు విని విసుగుకొను చోట సంతకము చేయుటకు తొందర యవసరము లేదు. సరియైన జవాబులు దొరికినచో, మనసొప్పినవారు నిర్భయముగ సమ్మతింపవచ్చును. చిట్టగాంగులో సమ్మతించినవారి వలననే గదా, నేడు మన ప్రాంతపు రోగికి అట్రోపిను ఇచ్చెడి సరియైన తీరు తెలిసినది! ముక్కు మొగమెరుగని ఆ యిల్లాండ్రకు మనము ఋణపడియున్నాము.

ఇంటిలో చేయవలసినది

పురుగులమందు ఇంటిలో పెట్టి తాళము వేసిన చాలునని మనము తలంతుము. సింహళమున 180 గ్రామములలో ఈ సంగతిని కూడ పరీక్షించిరి. సగము గ్రామములలో ఇంటింటికి తాళపు పెట్టెలు పంచి, తక్కిన సగముతో సరిపోల్చిరి. 2017లో ప్రకటింపబడిన ఫలితమేమనగా, పెట్టెలవలన విషముతో ఆసుపత్రికి వచ్చువారి సంఖ్య తగ్గినట్లు కనబడలేదు. పెట్టె యింటిలోనే యున్నది. తాళపుచెవి యెచ్చట నుండునో ఇంటిల్లిపాదికిని తెలియును. తగ్గించినది మరియొకటి. ఆ దేశప్రభుత్వము 1995 మొదలు మిక్కిలి క్రూరములగు మందులను క్రమముగ నిషేధించుచు వచ్చెను. ఇరువది సంవత్సరములలో అచ్చటి ఆత్మహత్యల రేటు సుమారు నూటికి డెబ్బది వంతులు తగ్గెను. పంటల దిగుబడి తగ్గలేదు. మన దేశమున ఎండోసల్ఫానును 2011లో సుప్రీముకోర్టు నిషేధించెను. 2018లోను 2020లోను మరికొన్ని మందులు నిషేధింపబడినవి.

కావున మా మనవి యిది. పసిబిడ్డలున్న యింట తాళము తప్పక వేయవలసినదే గాని, అసలు మందును ఇంటికే తేకుండుట మేలు. ఆ పూట చల్లుటకు కావలసినంతయే కొనవలెను. నలుగురు రైతులు కలసి ఇండ్లకు దూరముగ నొక కొట్టు ఏర్పరచుకొనుట మరియు మేలు. మిగిలిన మందును షర్బతు సీసాలలోను, నూనె డబ్బాలలోను పోయరాదు. ఖాళీ డబ్బాలను నీళ్లకు వాడరాదు.

ఆపద జరిగినచో ఉప్పునీరు త్రాగించుట, గొంతులో వ్రేళ్లు పెట్టుట మన యిండ్లలో వాడుక. అది కూడదు. తెలివి సన్నగిల్లినవారి వాంతి ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణము తీయును. మందు పడిన బట్టలు విప్పి, ఒంటిని సబ్బునీటితో కడిగి, ఎడమప్రక్కకు ఒత్తిగిలునట్లు పరుండబెట్టి, వెంటనే 108కి టెలిఫోను చేయవలెను. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైన ఈ బండి నేడు పల్లెలకును వచ్చుచున్నది. కడుగువారు చేతులకు తొడుగులుగాని ప్లాస్టిక్ సంచులుగాని వేసికొనవలెను. మందు డబ్బాను, దానిమీది కాగితముతో సహా, డాక్టరునకు చూపవలెను. ఏ విషమో తెలిసినచో సగము పని యైనట్లే.

అన్నిటికంటె ముందు చేయవలసినది మరియొకటి కలదు. ఇంటిలో నొకరు మాట మానిరనియు, అన్నము సహింపకున్నదనియు, బ్రదుకుమీద విరక్తి పలుకుచున్నారనియు మొదట గుర్తించునది ఇల్లాలే. అప్పుడు మందలింపక, ప్రక్కను కూర్చుండి అడుగవలెను. అడిగినందువలన ఆ తలంపు పుట్టదు; బరువు తగ్గును. తనకే యట్టి తలంపు కలిగినను సిగ్గుపడక ఒకరికి చెప్పవలెను. 14416 అను సంఖ్యకు టెలిఫోను చేసినచో, రాత్రింబవళ్లు, మూల్యము లేకయే, తెలుగులో మాటాడి ధైర్యము చెప్పువారు కలరు.

మా చీరాల పేరాలల వారు 1921లో, తమ సమ్మతి లేక పురపాలక సంఘమును నెత్తిన బెట్టి పన్నులు వేసిరని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఇండ్లు విడిచి, ఊరివెలుపల రామనగరమను పాకల పట్టణము కట్టుకొని నెలల తరబడి కాపురముండిరి. చంటిబిడ్డల నెత్తుకొని ఆ పాకలలో వంట చేసిన వారు స్త్రీలే. పన్ను విషయమున, “మమ్ము అడిగితిరా?” యని ప్రశ్నించిన తల్లుల మనుమరాండ్రము, ప్రాణము విషయమున ఆ ప్రశ్న వేయుటకు జంకనేల? కాగితము చదివి, అడుగవలసినవి యడిగి, ఆ మీదట సరియనియో కాదనియో స్పష్టముగ చెప్పుదము.